లోపలి అంచు

“ఒరే ఓబులేసూ! పెద్దమ్మి మెదలడంల్యా, బిన్నా రారా!”

బీబమ్మ కేక వీధి మొదటికే వినపడింది. ఆరు కొత్త ప్లాస్టిక్ టబ్బులు ఒకదాంట్లో ఒకటి దోపి, సైకిల్ వెనక కట్టుకుని, ఈల వేసుకుంటూ వస్తున్న ఓబులేసు నోట్లో ఈల ఆగిపోయింది.

పెద్దమ్మి అంటే మనిషి కాదండోయ్, జెర్రిపోతు. రెండు కళ్లూ కనపడవు. బీబమ్మ మొగుడు మౌలాలి సాబు దెబ్బతిన్న పాములను సాకి, నయమయ్యాక గుట్టల్లో వదిలిపెట్టే ఫకీరు. ఈ గుడ్డిదాన్ని మాత్రం ఎక్కడ వదలాలో తెలీక పదకొండేళ్లుగా మట్టిబానలో పెంచుకుంటున్నాడు. నలభై రోజులు కొండగుహలో ధ్యానానికి పోతూ, “దాన్ని చూసుకో నాయనా” అని శిష్యుడితో అన్నాడు. ఒక్కటే మాట.

ఓబులేసు మామూలుగా చూసుకున్నాడా! గాలీ వెలుతురూ లేని బానలో ఎన్నాళ్లుంటుంది పాపం అని, బట్టలు దాచుకునే పెద్ద మూత టబ్బు కొన్నాడు.

“గుడ్డిదానికి వెలుతురెందుకురా?” అని బీబమ్మ నవ్వింది కూడా.

వింటేనా! స్క్రూడ్రైవర్‌ను పొయ్యిలో ఎర్రగా కాల్చి, గాలి కోసం టబ్బు చుట్టూ డెబ్భై రెండు బెజ్జాలు పొడిచాడు. బయట పొంగిన ప్లాస్టిక్‌ను బ్లేడుతో గీకి, అద్దంలా నున్నగా చేశాడు. సాబు వచ్చి చూసి “భలే చేశావురా” అనాలి. అదీ వాడి ఆశ. పాము ఆ బెజ్జాల వెంబడే ముక్కు ఆనించుకుని తిరుగుతుంటే, “చూడమ్మా, కొత్త ఇల్లు చూసుకుంటాంది” అని మురిసిపోయాడు. సాబు సాకే మిగతా పాములకూ ఇలాంటి ఇళ్లే చేద్దామని ఇంకో ఆరు టబ్బులు కొనుక్కొస్తున్నాడు.

సాబు ఆ పొద్దే కొండ దిగాడు. ఓబులేసు సైకిల్ దిగేసరికి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ప్రాణం లేని పెద్దమ్మి. మూతి వాచి చీము పట్టింది. ముక్కు కొసన తోలే లేదు.

“జబ్బు చేసినట్టుంది సాబూ. వారంగా మేత ముట్టలేదు. నేను ఏ లోటూ చెయ్యలేదు. టబ్బు చూడు, ఎంత నున్నగా ఉందో!”

సాబు టబ్బు దగ్గరికి లాక్కుని, కుడిచెయ్యి లోపలికి పెట్టి, గోడ వెంబడి మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. చెయ్యి బయటికి తీశాడు. మూడు వేళ్ల కొసలు చీరుకుపోయి నెత్తురు.

ఓబులేసు వంగి లోపలికి చూశాడు. కరిగి లోపలికి సాగిన ప్లాస్టిక్ ప్రతి బెజ్జం దగ్గరా ముల్లులా గట్టిపడి ఉంది.

“తడిమి చూశాను సాబూ... నున్నగానే ఉండె.”

“నువ్వుండేది బయట కదా నాయనా.”

పెరట్లో గుంట తీసి పెద్దమ్మిని పూడ్చారు. ఓబులేసు పెద్ద రాయి ఎత్తి టబ్బును పగలగొట్టబోయాడు. సాబు ఆ రాయి తీసుకుని పక్కన పెట్టి, వాడి చేతిలో గరుకు కాగితం పెట్టి లోపలికి పోయాడు.

వాడు టబ్బులో తల దూర్చి రుద్దుతూనే ఉన్నాడు. ఒక్కో బెజ్జం రుద్దడం, చెంప ఆనించి చూడటం, మళ్లీ రుద్దడం. బీబమ్మ రెండుసార్లు పిలిచింది.

“నలభై దినాలు గంజినీళ్ల మీదున్న మనిషివి. వాడు రాడు, నువ్వు తినవు. ఈ పులుసు ఎన్నిసార్లు కాచాల?”

“వాడొస్తాడు,” అన్నాడు సాబు, ఖాళీ పళ్లెం ముందు కూర్చుని.

పొద్దు వాలాక వచ్చాడు. చెంపంతా గీరుకుపోయి ఉంది. సాబు పక్కన కూర్చున్నాడు. బీబమ్మ ముగ్గురికీ సంగటి పెట్టి, పొగలు కక్కే మిరపకాయల పులుసు పోసి, తానూ కూర్చుంది.

సాబు పులుసులో చెయ్యి పెట్టాడు. తెగిన వేళ్లకు కారం మండి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఓబులేసు ఆ పళ్లెం తనవైపు జరుపుకున్నాడు. సంగటి కలిపి ముద్ద చేశాడు. కాలుతుందేమోనని ముందు తన పెదవికి ఆనించి చూసుకుని, ఆయన నోటి దగ్గర పెట్టాడు.

“అయ్యో, ఎంగిలి చేసినావు కదరా!” అంది బీబమ్మ.

సాబు అప్పటికే నోరు తెరిచాడు.