నిద్రలో ఒత్తిగిల్లిన ఊరు

అనగనగా ఒక ఊళ్ళో, బూరుగు కాయలు పగిలే రోజుల్లో ఆకాశం నిండా దూది తేలుతుండే ఊళ్ళో, పకీరయ్య అని ఒక దూదేకుల తాత ఉండేవాడు. పరుపులు కుట్టడం ఆయన పని. దూది ఏకడానికి మనిషంత పొడుగు విల్లు ఒకటుండేదిలే కన్నా. దాని నారిని గూటంతో కొడితే 'ధుంయ్...' అని మోగేది. ముద్దకట్టిన దూది కాస్తా మబ్బులా విచ్చుకునేది. ఆయన భార్య హుస్సేనమ్మ ఆ మబ్బుని సంచిలోకి పట్టి కుట్టేసేది.

ఆ పరుపు మీద పడుకుంటే కలలు కూడా మెత్తగా వచ్చేవిట!

వాళ్ళకి ఒక్కతే కూతురు, లాలమ్మ. నెలలు నిండుతున్నాయి. పుట్టే బిడ్డకి మొదటి పరుపు తాతే ఏకి కుట్టాలని వాళ్ళింటి ఆనవాయితీ. పకీరయ్య మంచి దూది ఏరి బుట్టలో దాచుకున్నాడు కూడా. అప్పుడు చూడు, పాడు టైఫాయిడ్ పట్టుకుంది. మందులకి జ్వరం దిగిందిగానీ ఒంట్లో పత్తిగింజంత సత్తువ మిగల్లేదు. తనంతట తాను పక్కకి తిరగడం కూడా చేతకాలేదు.

అప్పుడు హుస్సేనమ్మ ఏం చేసిందీ? ఒకదాని మీద ఒకటి మూడు పరుపులు పరిచి, మొగుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టింది. "ఎవరూ ఆయన్ని కదపకండి. ఇంత మెత్తని పక్క మహారాజుకైనా ఉందా!" అని మురిసిపోయింది. పరుపులవాళ్ళ ఇల్లు కదా మరి, మెత్తగా ఉంటే చాలనుకుంది పిచ్చితల్లి.

ఎనిమిదో రోజున ఒళ్ళు తుడుస్తుంటే, నడుము కింద, వెన్నెముక చివర ఎర్రటి మచ్చ కనబడింది. రేగుపండంత.

"నూనె కాచి గట్టిగా రుద్దొదినా" అంది ఎదురింటి కోటమ్మ. రుద్దింది. మచ్చ నిమ్మకాయంత అయింది. ఆ తర్వాత, "పౌడరు దట్టంగా చల్లక్కా" అన్నాడు పక్కింటి వీరాసామి. చల్లింది. చెమటకి పౌడరు ముద్దయి కూర్చుంది. ఆ తర్వాత తనే ఆలోచించి నాలుగో పరుపు వేసింది. మచ్చ అరచెయ్యంత అయింది.

పకీరయ్య మాత్రం, "బాగానే ఉందిలేవే" అనేవాడు. తను కుట్టిన పరుపు మీద తనే ఫిర్యాదు చేస్తాడా?

అప్పుడు ఆరోగ్య కేంద్రం నర్సు రూతమ్మ సైకిలు దిగి వచ్చింది. మచ్చని వేలితో మెల్లగా నొక్కి వదిలింది.

"చూడు పెద్దమ్మా. నొక్కి వదిలితే తెల్లబడి, మళ్ళీ ఎర్రబడాలి. ఇది తెల్లబడటం లేదు. ఎప్పుడూ ఒకేచోట బరువు ఆని లోపల రక్తం సరిగ్గా ఆడటం లేదన్నమాట. పెద్దయ్యది ఎర్రని ఒళ్ళు కాబట్టి కనబడింది, నల్లని ఒంటికైతే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని తడిమి చూడాలి. చర్మం ఇంకా చిట్లలేదు, నయం. చిట్లిందంటే పుండు లోపలికి దిగుతుంది. మళ్ళీ జ్వరం, మళ్ళీ మంచం. ఇక మనవడి పరుపు మాట మర్చిపోవడమే."

హుస్సేనమ్మ పరుపుల దొంతర చూపించింది. "నాలుగు పరుపులేశానే తల్లీ!"

"పరుపు అమ్మేటప్పుడు పెద్దయ్య ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్తాడు?"

మంచం మీంచి పకీరయ్యే పలికాడు. "తిరగేస్తూ ఉండండి, ఎండకి ఆరనివ్వండి, ఒక్క పక్కే వాడితే దూది గడ్డకడుతుంది అంటాను."

"మరి పరుపుని తిరగేసేవాళ్ళు మనిషిని తిరగెయ్యరేం?"

పకీరయ్యకి ఆ నీరసంలోనూ నవ్వొచ్చింది. "నలభై ఏళ్ళు ఊరందరికీ చెప్పానే, నాకు చెప్పే నాథుడే లేకపోయాడు!"

ఆ తర్వాత రూతమ్మ, ఇంత మెత్తన అయితే ఒళ్ళు కూరుకుపోతుందని మూడు పరుపులు లాగేసి ఒక్కటే ఉంచింది. రెండు గంటలకోసారి ఎడమకి, ఆ తర్వాత కుడికి తిప్పమంది. మచ్చ పోయేదాకా దాని మీద బరువు పడకూడదంది. ఈడిస్తే చర్మం గీసుకుంటుంది, దుప్పటితో ఎత్తి తిప్పమంది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది. నూనె రుద్దడం, పౌడరు చల్లడం మానమంది. చెమట పడితే రుద్దకుండా అద్దమంది. పప్పూ గుడ్డూ బాగా పెట్టమంది.

ఎత్తడం ఒక్కదాని వల్ల అవుతుందా? అప్పుడు హుస్సేనమ్మకి గోడకున్న విల్లు కనబడింది. రెండు గంటలు కాగానే నారిని 'ధుంయ్...' అనిపించింది. కోటమ్మ, వీరాసామి పరిగెత్తుకొచ్చారు.

"నూనె తేలేదు కదా?"

"లేదొదినా, చేతులే తెచ్చాను" అంది కోటమ్మ సిగ్గుపడుతూ.

పగలూ మోగింది, రాత్రీ మోగింది. రాత్రిపూట ఆ మోత దూదిలా తేలుతూ ఇంటింటికీ వెళ్ళేది. ఊరు ఊరంతా నిద్రలోనే ఇటు నుంచి అటు ఒత్తిగిల్లేది. పాకలో ఆవు ఒత్తిగిల్లేది. చెరువులో చందమామ కూడా ఒక్కసారి అటు తిరిగి పడుకునేవాడు.

అరచెయ్యంత మచ్చ నిమ్మకాయంత అయింది. ఆ తర్వాత రేగుపండంత అయింది. ఒకరోజు హుస్సేనమ్మ ఊపిరి బిగబట్టి వేలితో నొక్కి వదిలింది. తెల్లబడింది! మళ్ళీ మెల్లగా ఎర్రబడింది. "ఆడుతోందయ్యా, నీ రక్తం ఆడుతోంది!" అని ఏడ్చేసింది.

ఆ తర్వాత పకీరయ్య లేచి కూర్చున్నాడు. గోడ పట్టుకుని నడిచాడు. బుట్టలో దూది ఏకి, గుమ్మడికాయకి పరిచేంత పరుపు కుట్టాడు. కుట్టు ముడి వేసిన మూడో నాటికి మనవరాలు పుట్టింది.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం, తాత పనిలో కూర్చుని నారి మీటాడు. 'ధుంయ్...' చిట్టిపరుపు మీద వెల్లకిలా ఉన్న పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. ఒక కాలెత్తింది. ఎవరూ ముట్టుకోకుండానే చటుక్కున బోర్లా పడింది!

బోర్లా పడితే బొబ్బట్లు కదా. ఊరందరికీ పంచారు. ఒత్తిగిల్లిన ప్రతి మనిషికీ ఒకటి. రూతమ్మకి రెండు!

దూదేమో సంచికి,
కథేమో కంచికి,
నువ్వేమో నిద్దరకి,
ధుంయ్... ఒత్తిగిల్లు ఇటు పక్కకి.