రాజుగారి గుడారంలో పానకం

ఎడారి నడుమ ఒక ఒయాసిస్సు. రాజు సింహం, మంత్రి నక్క. అక్కడి ఊటబావి రాజుగారి చుట్టాలకే సొంతం. మేకలు, గొర్రెలు, ఒంటెలు వాళ్ళు తాగి వదిలిన బురదనీళ్ళతోనే సరిపెట్టుకోవాలి. ఆ ఏడు వాన చుక్క పడలేదు, బురదా ఎండిపోయింది. జంతువులన్నీ గుడారం ముందు చేరి నానా గోల చేస్తే, రాజుగారు దిగొచ్చి రాజ్యాంగం మార్చారు. ఇకమీదట నీళ్ళ వంతులు ప్రజాసభ తేల్చినట్టే. అయితే తీర్మానం మీద రాజుగారి ముద్ర పడాలి. ఆ చివరి మాట ఇరికించింది మన నక్కే!

సభకు సల్మా అనే ఒంటెను పెద్దగా ఎన్నుకున్నారు. దాని పొదుగు ఎండిపోతోంది, కొత్తగా పుట్టిన పిల్ల లేచి నిలబడలేకపోతోంది. అందరికీ వంతులు రావాలని సభ తీర్మానించింది. ముద్ర మాత్రం పడలేదు. అడిగిన ప్రతిసారీ నక్కది ఒకటే పాట.

"రాజుగారు ఆలోచిస్తున్నారమ్మా."

"ఎన్నాళ్ళయ్యా ఆలోచన?"

"ఏం, రాజుగారి ఆలోచనంటే నువ్వు వేసే నెమరనుకున్నావా?"

సల్మాకు ఒళ్ళు మండింది. అయినా సభను విడవలేదు, అడగడం మానలేదు.

చివరికి నక్కకే విసుగొచ్చింది. "ప్రభూ, ఈసారి సభను మన గుడారంలోకే విందుకు పిలుద్దాం. అతిథులుగా వచ్చినవాళ్ళు గొంతు పెంచరు. పానకం పోసి సాగనంపేద్దాం" అంది.

రాజుగారు స్వయంగా ఖర్జూరపు పానకం పోశారు. ఆ వాసనకే సల్మా నాలుక పీక్కుపోయింది. అయినా మూతి పెట్టకుండా చిప్పను కింద పెట్టేసింది. అది చూసి మేక పెట్టేసింది, గొర్రె పెట్టేసింది.

ఆ ఎడారిలో ఒక ఆచారం ఉంది. కోరికతో వచ్చిన అతిథి, అది తీరుస్తానని ఇంటివాడు మాట ఇచ్చేదాకా ఏదీ తాగడు. తాగకుండా లేచి వెళ్ళాడా, ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే!

"తాగండమ్మా, ఈగలు వాలుతున్నాయి" అంది నక్క.

"వాలనీ. అవతల నా పిల్ల దాహంతో పడి ఉంది. నాకు గొంతు దిగుతుందా?"

"ఇది సభ తల్లీ, ఆచారాలు ఇక్కడ..."

"నోర్ముయ్!" అన్నారు రాజుగారు. "విందని పిలిపించింది నువ్వు కాదూ?"

ఎలాగోలా చిప్ప ఖాళీ అయితే చాలనుకుంది నక్క. తనే సల్మా ముందున్న చిప్పలో మూతి పెట్టి గటగటా తాగేసింది.

గుడారం దద్దరిల్లేలా గర్జించారు రాజుగారు. "నా ఇంట్లో, నా అతిథి చిప్ప ఎంగిలి చేస్తావా? ఫో బయటికి! అమ్మా సల్మా, ఈ తప్పుకు ఏం కావాలో అడుగు."

"ముద్ర వెయ్యండి ప్రభూ."

అప్పటికప్పుడే ముద్ర పడింది. ఆ సాయంత్రమే సల్మా కడుపారా నీళ్ళు తాగింది, పొదుగు చేపింది. పిల్ల తూలుతూనే లేచి పాలు కుడిచింది.

బావి దగ్గర నక్క కూడా తోక ముడుచుకుని వరసలో నిలబడింది. "వీడికీ వంతా?" అని మేక చిందులేసింది.

"అందరికీ అని తీర్మానించాం, ఇవ్వండి" అంది సల్మా. "రేపు మాత్రం సభకు తొందరగా రండి. ఆ ముద్ర మాటే తీసేద్దాం."

నీతి: హక్కు రాజ్యాంగంలోకి వచ్చిందని ఊరుకోకూడదు, గడపలోకి వచ్చేదాకా పట్టు విడవకూడదు.