రాజుగారి కుక్కలు, ముల్లంగి మళ్లు

కుక్కలకు బిరుదులూ, ఆడవాళ్లకు చీపుళ్లూ ఇచ్చే రాజ్యం ఒకటుండేది. దాన్ని ఏలే ప్రచండవర్మకు తన వేటకుక్కలంటే ప్రాణం. వాటి పెంట కూడా వృథా పోకూడదని, కూరమళ్లకు ఎరువుగా వేయాలని శాసనం చేశాడు.

"ఆవుపేడ వేస్తే పంట పండుతోంది కదా. నా కుక్క ఆవు కన్నా తక్కువా?" అన్నాడు.

కాదనే ధైర్యం మంత్రులకు లేదు. గంపలు మోసేది వాళ్లు కాదు మరి. దాసీలు ఎత్తారు, దాసీలే ముల్లంగి మళ్లలో చల్లారు.

కొన్నాళ్లకు పసి యువరాణికి కడుపునొప్పి పట్టుకుంది. కడుపులో ఏలికపాములున్నాయని చెప్పి మందిచ్చాడు వైద్యుడు. రాజు వంటశాల పెద్ద పెద్దింటమ్మ మీద మండిపడ్డాడు. "చేతులు కడగకుండా వండావు. రేపు సభలో విచారించి నిన్ను కోట బయటికి గెంటిస్తాను."

పెద్దింటమ్మ ఏడుస్తూ అక్కసాని దగ్గరికి వెళ్లింది. సభలో చమత్కారాలు చెప్పడం అక్కసాని కొలువు. నవ్వించేవాళ్ల కంటికి నవ్వురాని సంగతులే ఎక్కువ కనిపిస్తాయి.

"ఈ రాజుకు ఉగ్గు పెట్టిన చేతులే ఇవి. అప్పుడు లేని మురికి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందే?" అంది పెద్దింటమ్మ.

"యువరాణి ఆ మళ్లలో ముల్లంగి పీక్కుని పచ్చిదే నములుతుంది కదా వదినా?"

"ఎంత వద్దన్నా వినదు."

ఆ మళ్లలో చల్లిన ఎరువు అక్కసాని కళ్లముందు మెదిలింది. ఉన్నమాట అంటే ఇద్దరినీ గెంటుతాడని ఆమెకు తెలుసు. ఆ మాట రాజు నోటే రావాలి.

"రేపు సభ నేల అలికేది ఎవరు?" అని అడిగింది.

"మనవాళ్లే. మగాళ్లు అలుకుతారా ఏంటి?"

మర్నాడు రాజు సభకు వస్తూనే ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. గుమ్మంలో దాసీలు కొంగులు దోపుకుని గంపల పక్కన కూర్చున్నారు.

"ఏమిటీ కంపు?"

"తమ కుక్కల పెంట ప్రభూ. సభ అలికిద్దామని తెప్పించాను" అంది అక్కసాని.

"మతిపోయిందా? అలికేది ఆవుపేడతో కదా."

"కుక్క ఆవు కన్నా తక్కువా ప్రభూ?"

"ఆవు గడ్డి తింటుంది, ఇవి మాంసం తింటాయి. రెండూ ఒకటెలా అవుతాయి? తీయించు. ఇక్కడ నేను కూర్చోవాలి."

"ఇక్కడ తమరు కూర్చోవడమే ప్రభూ. ఇది చల్లిన మళ్లలో మొలిచింది యువరాణి పచ్చిగా తింటోంది."

రాజు గంపల వంక చూశాడు, తర్వాత పెద్దింటమ్మ వంక చూశాడు. "నువ్వు వంటశాలకు వెళ్లు" అన్నాడు. తప్పు తనదేనన్న మాట మాత్రం రాలేదు. సింహాసనం ఎక్కినవాళ్లకు ఆ మాట ఎవరూ నేర్పరు.

అక్కసానికి మెడలోని హారం తీసి ఇవ్వబోయాడు.

"హారం వద్దు ప్రభూ. బావికీ కూరమళ్లకూ దూరంగా లోతైన గొయ్యి తవ్వించండి. ఏ పూటది ఆ పూటే అందులో వేసి మన్ను కప్పాలి, చేతులు బాగా కడుక్కోవాలి. పాడైన మళ్లలో కూరలు మాని పూలమొక్కలు వేయిద్దాం. ఇంకొకటి, ఎవరి కుక్క పెంట వాళ్లే ఎత్తాలి."

"అలాగే" అన్నాక గాని రాజుకు వెలగలేదు, రాజ్యంలోని వేటకుక్కలన్నీ తనవేనని.

తెల్లారగానే ప్రచండవర్మ పార పట్టుకుని కుక్కల వెనక నడిచాడు. అవి కూర్చున్నచోటల్లా ఆగాడు, ఎత్తాడు, పూడ్చాడు. తర్వాత వంటశాల వైపు తిరిగి, "చేతులకు నీళ్లు పోయండి ఎవరైనా" అన్నాడు.

కిటికీలోంచి పెద్దింటమ్మ తల బయటపెట్టింది. "చెంబు తొట్టి మీదే ఉంది బాబూ. ముంచుకో."

రాజు ఒక్కక్షణం తెల్లబోయి, ఫక్కున నవ్వి, ముంచుకున్నాడు.