ఇనుప గూటి చిలక పాటకు బదులు

అనగా అనగా మువ్వలపురం అనే పట్నం. దాన్ని రత్నకంధరుడు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రసేనుడు, నడిమివాడు చిత్రసేనుడు, చిన్నవాడు మృదుసేనుడు.

ఆ దేశంలో ఒక ఆచారముంది. ఈ గట్టున ఒకరు పాట ఎత్తుకుంటే ఆ గట్టున ఇంకొకరు బదులు పాడాలి. బదులివ్వకపోతే గడప దాకా వచ్చిన చుట్టాన్ని వెనక్కి పంపినంత తప్పు.

పొరుగు రాజు కూతురు హేమలేఖ పాటలో దిట్ట. ఒకరోజు కరాళకంఠుడనే మాంత్రికుడు ఆమె తండ్రి సభకు వచ్చి, "నన్ను పెళ్ళాడు" అన్నాడు. హేమలేఖ నవ్వి ఒక పాట పాడి, "దీనికి బదులు పాడు, చూద్దాం" అంది. మాంత్రికుడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఒక్క ముక్కా రాలేదు. సభంతా గొల్లున నవ్వింది. వాడికి ఒళ్ళు మండి, హేమలేఖను ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల రాగికోటలో పెట్టాడు.

కబురు విని ముగ్గురన్నదమ్ములూ బయలుదేరారు. సముద్రపు ఒడ్డుకు చేరేసరికి నీళ్ళ అడుగునుంచి సన్నగా ఒక పాట వినిపించింది.

"నీళ్ళ అడుగున నేనున్నా, నీటి పైన ఎవరున్నారో?"

"గాలి హోరు" అన్నాడు ఉగ్రసేనుడు, ఓడ ఎక్కి పోయాడు. "బదులు పాడితే మనకేం వస్తుంది?" అన్నాడు చిత్రసేనుడు, ఇంకో ఓడ ఎక్కి పోయాడు. మృదుసేనుడు మాత్రం మోకాలిలోతు నీళ్ళలోకి దిగి పాడాడు.

"నీటి ఒడ్డున నేనున్నా, నీకేం కావాలో చెప్పన్నా!"

నీళ్ళు కొండలా లేచాయి. అందులోంచి ముసలి తిమింగలం తల ఎత్తింది. దాని కళ్ళనిండా నీళ్ళు.

"తాతలనాటి నుంచి పాడుతున్నాను నాయనా, ఒక్కడూ పలకలేదు. నాకింకేమీ వద్దు. నువ్వు ఎక్కడికి పోవాలో చెప్పు."

"రాగికోటకు తాతా."

"అయితే వీపెక్కు!"

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు, ఏడూ దాటారు. రాగికోట ముందు రెండు కొత్త రాతిబొమ్మలు నిలబడి ఉన్నాయి. ఒకటి ఉగ్రసేనుడు, ఇంకొకటి చిత్రసేనుడు. మాంత్రికుడు పాడితే ఒకడు దానికి సంబంధం లేని యుద్ధపు పాట అరిచాడు. ఇంకొకడు తనకు వచ్చిన పొగడ్త పాట అప్పజెప్పాడు. బదులు కాని పాట పాడినవాడు రాయి కావాలన్నది అక్కడి మాయ.

అన్నలను ఆ తీరున చూసినా మృదుసేనుడు వెనుదిరగలేదు. కోట వాకిలి ముందే నిలబడ్డాడు. తాటిచెట్టంత కరాళకంఠుడు బయటికొచ్చి గొంతెత్తాడు.

"కొండ నాది, కోన నాది, కోనలోని వాన నాది,
అన్నీ నావే ఐనప్పుడు నీకేముందిరా చిన్నోడా?"

మృదుసేనుడు చివరి మాటదాకా విన్నాడు. అదే వరసలో అందుకున్నాడు.

"కొండ నీది, కోన నీది, కోనలోని వాన నీది,
కాపలా బాధంతా నీది, కంటి నిద్ర నాదయ్యా!"

సరైన బదులు పడగానే మాంత్రికుడు సగానికి సగం కుంచించుకుపోయాడు. పళ్ళు కొరికి మళ్ళీ పాడాడు.

"నా పేరు చెబితే పులి దాగు, నా అడుగు పడితే ఏరు ఆగు,
నన్ను చూసి నవ్వేవాడు నేలమీద ఎవడురా?"

"నీ పేరు చెబితే పులి దాగు, నీ అడుగు పడితే ఏరు ఆగు,
గడ్డం పట్టి లాగి నవ్వే పసిపాపొకటి లేదా మామా?"

మేడ మీద వింటున్న హేమలేఖ ఫక్కున నవ్వింది. మాంత్రికుడు చీపురుకట్టంత అయిపోయి, మూడో పాట పాడకుండా లోపలికి ఉరికి తలుపు గడియ పెట్టుకున్నాడు.

"నన్ను చిన్నవాణ్ణి చేశావు గాని చంపలేవురా! నా ప్రాణం నా దగ్గర లేదు!" అని కిటికీలోంచి అరిచాడు.

ఆ ప్రాణం దాచిన చోటు గురించి వాడు గొప్పలు చెప్పుకుంటుంటే హేమలేఖ ఎన్నోసార్లు విని ఉంది. ఉయ్యాల ఊగుతూ ఏమీ ఎరగనట్టు పాడింది.

"ఉప్పుదిబ్బన ఒంటి తాడి, తాడి మీద ఇనుప గూడు,
గూటిలోని చిలక గొంతున ఎవరి ప్రాణం దాగుందో?"

ఇతరుల పాట వినే అలవాటు లేని మాంత్రికుడు ఆవులించాడు. కింద నుంచి మృదుసేనుడు పాడాడు.

"ఉప్పుదిబ్బకు దారి తెలుసు, తాడి ఎక్కే తీరు తెలుసు,
గూడు తెరిచి వచ్చేదాకా ఊయలూగుతు ఉండు కొమ్మా!"

తిమింగలం అతన్ని ఉప్పుదిబ్బకు చేర్చింది. తాడి ఎక్కి, ఇనుప గూటి తలుపు విరిచి, చిలక మెడ నులమబోయాడు. అప్పుడు చిలక పాడింది.

"గూటి నుంచి జారానమ్మా, గుర్తున్నానా నీకు?"

మృదుసేనుడి చెయ్యి ఆగిపోయింది. ఇది తల్లికి దూరమైన పిల్ల. దీన్నెలా చంపడం? తాటిమట్ట మీద కూర్చుని, తల్లిచిలక గొంతుతో మెల్లగా బదులు పాడాడు.

"గూడు ఊడ్చి ఉంచానమ్మా, పండు కొరికి పెట్టానమ్మా,
పొద్దుగూకక ముందే రామ్మా!"

చిలక ఒక్క క్షణం బిత్తరపోయింది. ఆ తరవాత పట్టలేని సంతోషంతో కిలకిలా అరిచింది. ఆ అరుపుకు దాని గొంతులో ఇరుక్కున్న నల్లటి గింజ ఒకటి ఎగిరి బయట పడింది. అది నీళ్ళలో పడకముందే తిమింగలం గుటుక్కున మింగేసింది. అక్కడ రాగికోటలో మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు. రాళ్ళయినవాళ్ళంతా ఒళ్ళు విరుచుకుని లేచారు.

"నీ అమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను" అని మృదుసేనుడు చిలకను భుజం మీద పెట్టుకున్నాడు. చిలకల అడవిలో దాన్ని తల్లికి అప్పగించాకే రాగికోటకు తిరిగొచ్చాడు.

అన్నలిద్దరూ తమ్ముణ్ణి కావలించుకున్నారు. హేమలేఖ మేడ దిగి వచ్చింది. మృదుసేనుడు ఆమె ముందు నిలబడి నీళ్ళు నమిలాడు.

"ఏం, మాంత్రికుడి ముందు లేని బెదురు నా ముందెందుకు?" అంది హేమలేఖ.

"నాకు బదులు పాడటమే వచ్చు. పాట మొదలుపెట్టడం ఎప్పుడూ చేయలేదు."

"నువ్వు మొదలుపెట్టు. బదులు సంగతి నేను చూసుకుంటాను."

అతను గొంతు సవరించుకుని పాడాడు.

"ఏడు కడళ్ళు దాటొచ్చాను, ఎన్నో పాటలు విన్నాను,
పక్కన కూర్చుని పాడే తోడు దక్కుతుందా నాకు?"

హేమలేఖ ఆలోచించనైనా లేదు.

"తలుపు తీసిన చెయ్యే చాలు, తాళం నేను వేస్తాను,
తాళిబొట్టు నువ్వు తెస్తే తల నేను వంచుతాను!"

రెండు రాజ్యాలూ కలిసి పెళ్ళి చేశాయి. ఊరికి ఊరే విందు తిని, తిన్నవాళ్ళంతా పాడి, పాడినవాళ్ళంతా మళ్ళీ తిన్నారు. మృదుసేనుడూ హేమలేఖా ఆమె తండ్రి రాజ్యాన్ని మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చేసేదాకా చల్లగా ఏలారు. ఆ పెళ్ళిళ్ళలో కూడా మొదటి పాట తాతది, బదులు పాట అవ్వది.