గొల్లపేట సంతకి ఖాళీ బండి

శరభయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు. "రేపు ఖాళీయేనా?" అని తిరిగి అడిగేవారు. ఖాళీయే అంటే ఎక్కడికో వెంటబెట్టుకుపోయేవారు. పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పినన్నాళ్లూ అంతే, మానేశాక కూడా అంతే. గొల్లపేట సంత సంగతిని కొందరు ఇంకోలా చెప్పుకుంటున్నారని నా చెవిన పడింది. వాళ్లలో ఒక్కడూ ఆ రోజు అక్కడ లేడు. వ్యాను బండి నాది, తోలింది నేను. జరిగింది ఇదీ.

మాస్టారి శిష్యుడు కిరీటి పెద్ద లీగులో ఒక జట్టుకి మేనేజరయ్యాడు. ఆ జట్టు కిందటేడు అట్టడుగున తేలింది. పాతవాళ్లని చాలామందిని పంపించేసి, మళ్లీ పునాది నుంచి కట్టుకోవాలి. ఆ లీగులో ఒక కట్టడి ఉందట. ఏ జట్టయినా సరే, ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి ఒక గీత దాటకూడదు. మిగతా జట్లన్నీ ఆ గీతకి తల ఆనించుకుని ఊపిరాడక ఉన్నాయి. కిరీటి జట్టుకి మాత్రం గీత కింద బోలెడు జాగా. దాన్ని దేంతో నింపాలో తెలీక మాస్టారి అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు.

"పేరున్న ఆటగాడు ఒకడు దొరుకుతున్నాడండి. వయసు మళ్లుతోంది గానీ అతన్ని చూడ్డానికి జనం వస్తారు. ఉన్న జాగా అంతా అతనికే సరిపోతుంది. సోమవారానికి ఏదో ఒక పెద్ద పేరు చెప్పకపోతే వేరే మేనేజర్ని చూసుకుంటానని ఓనరుగారు మొహమ్మీదే అన్నారు. ఏం చెయ్యమంటారు?"

"రేపు ఖాళీయేనా?" అన్నారు మాస్టారు.

మర్నాడు పొద్దున్నే నా బండిలో ముగ్గురం గొల్లపేట పశువుల సంతకి బయల్దేరాం. దారిలో కిరీటికి ఫోనొచ్చింది. వేరే జట్టువాళ్లు. మోకాలు దెబ్బతిన్న ఆటగాడొకడు పెద్ద జీతంతో వాళ్ల నెత్తిన కూర్చున్నాడట. అతన్ని కిరీటి తీసుకుంటే, వచ్చే ఏడు జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఏరుకునే రోజున వాళ్ల వంతు కూడా కిరీటికే ఇచ్చేస్తారట.

"మీరు వద్దనుకున్నవాణ్ణి నాకంటగడతారా? నేనేమన్నా చెత్తకుండీనా?" అని కిరీటి ఫోను పెట్టేశాడు. మాస్టారు కిటికీలోంచి పొలాలు చూస్తున్నారు.

సంతలో కిరీటికి ఒక గేదె నచ్చింది. నచ్చకేం, కొమ్ములకి నూనె రాసి నిగనిగలాడిస్తున్నారు, పొదుగు కుండలా ఉంది. "ఇదే తీసుకోండి మాస్టారూ, సంతంతా దీన్నే చూస్తోంది" అన్నాడు. మాస్టారు దాని పెదవి ఎత్తి పళ్లు చూశారు.

"మంచి ఈతలన్నీ ఈనేసిందిరా, వయసు మళ్లింది. రాత్రి నుంచి పాలు తియ్యకుండా తోలుకొచ్చారు. అది పొదుగు కాదు, బరువు" అని ముందుకి నడిచారు. మధ్యాహ్నం దాకా అలా చూస్తూనే ఉన్నారు. ఏదీ కొనలేదు.

పశువుల బేరగాడు తాతారావు మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏం మాస్టారూ, బండికి గాలి తగిలించడానికి తెచ్చారా?" వీడి సంగతి చెప్పాలి. ఒకప్పుడు వానలో నా బండి దిగబడిపోతే, చెయ్యెత్తినా ఆపకుండా నా మీద బురద చిమ్ముకుంటూ పోయాడు. ఆ చొక్కా మరక వదల్లేదు. నేనూ వదల్లేదు.

పొద్దు వాలింది. బండ్లన్నీ నిండిపోయి ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అప్పుడొచ్చాడు తాతారావు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని. బండికి ఆరు పెద్ద పశువులే ఎక్కించాలి, దూడలు లెక్కలోకి రావు గానీ ఏడో పెద్దది కనిపిస్తే చెక్‌పోస్టులో ఆపేస్తారు. వీడు పొద్దున్నే ఆత్రంగా ఆరు పాడిగేదెల్ని కొనేశాడు. అమ్ముదామని తెచ్చిన ముసలి గేదె అమ్ముడుపోలేదు. దాన్ని వదిలేస్తే సంతవాళ్లు ఊరుకోరు, ఎక్కిస్తే కొన్నవాటిలో ఒకటి దిగాలి.

"మీ బండిలో జాగా ఉందిగా మాస్టారూ. ఊరికే తీసుకుపోండి."

"ఊరికే వస్తే మేత కూడా ఊరికే వస్తుందా?"

తాతారావు రోడ్డు వైపు చూశాడు. ఇంకో ఖాళీ బండి లేదు. తన బండిలో మూలన కట్టేసిన పెయ్యదూడని చూశాడు. మంచి జాతి దూడ, కళ్లు మెరుస్తున్నాయి. "సరే, దీన్ని కూడా తోలుకుపోండి. దణ్ణం పెడతాను" అన్నాడు.

"వీడి పశువు నా బండెక్కదు" అన్నాను.

"బండికేం కోపం లేదు కదా" అన్నారు మాస్టారు.

తలుపు తీశాను. ముసలి గేదెని తాతారావే తోశాడు. నేను చెయ్యి వెయ్యలేదు. దూడని మాత్రం నేనే ఎత్తి ఎక్కించాను.

మాస్టారి దొడ్లో రెంటినీ దింపాక, కిరీటి దూడ మెడ నిమురుతూ అన్నాడు. "ఇది పాలిచ్చేసరికి ఏళ్లు పడుతుందండి. ఓనరుగారు అన్నాళ్లు ఆగరు. సోమవారం నా ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు" అన్నారు మాస్టారు.

కిరీటి ఫోను తీసి పొద్దున్న పెట్టేసిన నంబరు వెతికాడు. "నేనేనండి. మీరన్న మాట ఇంకా అలాగే ఉందా?" అంటూ గోడవారకి వెళ్లాడు. అవతలివాళ్లు ఏమన్నారో నాకు వినబడలేదు. తిరిగొచ్చేటప్పటికి మొహంలో భయం ఉంది గానీ తడబాటు లేదు. గడ్డిమోపు విప్పి, ఒక పెద్ద పిడికెడు తీసుకుని నేరుగా దూడ దగ్గరికి నడిచాడు.

మాస్టారు వెనకనుంచి పిలిచారు.

"ముందు ముసలిదానికి వెయ్యరా. దూడ దాని పక్కన నిలబడి నేర్చుకుంటుంది."