సింహాద్రి వీపు

ఎస్తేరమ్మ గారు నర్సింగ్ స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పారు గానీ, ఎవరైనా సందేహం అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. అడిగినవాళ్లను వార్డులోకి వెంటబెట్టుకుని పోయేవారు. మాటల దగ్గర ఆవిడ మహా పిసినారి.

రెండో ఏడాది విద్యార్థిని ప్రసూన ఒక ఉదయం ఆవిడ గది గుమ్మంలో నిలబడి, చదువు మానేసి ఇంటికి పోతానంది. "దండలు డాక్టర్లకి, బెడ్‌పాన్లు మనకి. ఈ పనిలో మనకి దక్కేదేమిటి మేడమ్?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పద, సింహాద్రిని పక్కకి తిప్పాలి," అన్నారు ఎస్తేరమ్మ గారు.

సింహాద్రి కల్లుగీత కార్మికుడు. తాటిచెట్టు మీంచి పడ్డాక నడుము కింద స్పర్శ పోయింది. నిమ్ము చేయడంతో ఆపరేషన్ వాయిదా పడి, నలభై రోజులుగా మంచం మీదే ఉన్నాడు. ఒకే వైపు పడుకోబెడితే వీపు పుండుపడుతుంది. పుండుపడితే ఆపరేషన్ చెయ్యరు. అందుకని రెండు గంటలకోసారి తిప్పాలి. పగటి డ్యూటీలో ఆ పని ప్రసూనది. తిప్పడం, తుడవడం, ఎముక ఆనేచోట దిండు పెట్టడం. చూసేవాళ్లకు అదొక పనిలా కూడా కనబడదు.

వాళ్లు వెళ్లేసరికి పెద్ద డాక్టరు గారు అక్కడే ఉన్నారు. సింహాద్రిని పక్కకు తిప్పించి వీపు, తుంట్లు, మడమలు వేలితో నొక్కి చూశారు. "ఏమీ లేదు," అని చిన్న డాక్టరుతో అని, కేస్‌షీటులో ఇంగ్లీషులో ఏదో రాయించి వెళ్లిపోయారు.

సింహాద్రి కంగారుగా ప్రసూన వైపు తల తిప్పాడు. "డాక్టరుబాబు ఏటీ లేదనేసినాడేటి సిస్టరమ్మా! ఇంక నా పని అయిపోనాదా?"

ప్రసూన ఆ రాత చూసి, గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "కాదు బాబాయ్! పుండు లేదని! నలభై రోజుల్లో ఒక్క ఎర్రమచ్చ కూడా పడలేదని! సోమవారం నీకు ఆపరేషన్!" అంటూ ఆ పిల్ల నవ్వేసింది.

సింహాద్రి భోరుమన్నాడు. డాక్టరుబాబు చల్లగా ఉండాలని, ఆయన వెళ్లిన గుమ్మం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ప్రసూన అది గమనించనేలేదు. అతని మోకాళ్ల మధ్య దిండు సర్దుతూ, మళ్లీ ఎన్నింటికి తిప్పాలో లెక్క చూసుకుంటోంది.

ఎస్తేరమ్మ గారు ఆమె ముఖం కాసేపు చూశారు.

"లేని పుండును చూసి మురిసిపోయేది ఈ లోకంలో మనమొక్కళ్లమేనే పిల్లా," అన్నారు.