జలపాతం చప్పట్లు ఎందుకు కొడుతుంది?

ఒకప్పుడు జలపాతాలకు నోరు లేదు. ఎంత ఎత్తునుంచి దూకినా చప్పుడయ్యేది కాదు. మేడమీద ఆరేసిన చీర జారినట్టు మెత్తగా వచ్చి మడుగులో కలిసిపోయేవి. చుట్టూ ఒక్క తుంపర ఎగిరేది కాదు. పక్కన కూర్చుని అటుకులు తిన్నా తడిసేవి కావు.

ఆ రోజుల్లో జపాన్ దేశంలో, దేవదారు చెట్ల కొండల మధ్య ఒక పెద్ద జలపాతం ఉండేది. యాత్రికులు గడ్డిచెప్పులు వేసుకుని, కర్ర ఊతంతో పాత రాతిమెట్లు ఎక్కి దాని దగ్గరికి వచ్చేవారు. దానికి ఈ పక్క దేవుడి గుడి, ఆ పక్క బుద్ధుడి గుడి. జలపాతమే దేవుడు అనేవాడు ఈ గుడి పూజారి. కాదు, అది కన్నోన్ అనే కరుణామూర్తి రూపం అనేవాడు ఆ గుడి భిక్షువు. జలపాతాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ కొండల అవతలి ఊళ్లో ఒమినె అనే అవ్వ ఉండేది. వాన లేక ఊళ్లో వరినారు ఎండిపోతోంది. వాన కావాలంటే వాళ్లకు ఒకటే పద్ధతి. జలపాతం నీళ్లు వెదురుబొంగులో పట్టి తెచ్చి పొలంలో పోయాలి. దారిలో ఎక్కడా బొంగును చేతుల్లోంచి దించకూడదు. దించితే వాన అక్కడే పడిపోతుంది.

ముందు ఊరి కుర్రాళ్లు వెళ్లారు. తిరిగి వస్తుంటే టీ కొట్టు కనబడింది. బొంగును బల్లమీద పెట్టి కూర్చున్నారు. అంతే, కుండపోత! టీ కొట్టువాడి పైకప్పు కొట్టుకుపోయింది. ఊళ్లో చుక్క పడలేదు.

"గుక్కెడు టీ కోసం ఊరి వానంతా తాగేశారు కదరా!" అని అవ్వ మండిపడింది. "మీరు పడుకోండి. నేను పోతాను."

నారు ఇవాళో రేపో అన్నట్టుంది. అవ్వ పొద్దు పొడవకముందే బయల్దేరి కొండ దాటింది. మడుగులోకి దిగి, పెద్ద బొంగు నిండా నీళ్లు పట్టి, రెండు చేతులా గుండెకు హత్తుకుని గట్టెక్కింది.

మెట్ల దగ్గర పూజారి అడ్డొచ్చాడు. "ఏమవ్వా, చప్పట్లు కొట్టకుండానే పోతున్నావా? చప్పట్లు కొడితేగాని దేవుడు లేవడు."

అటునుంచి భిక్షువు పరుగున వచ్చాడు. "చప్పట్లా! ధ్యానం చెడిపోదూ? చేతులు జోడించి మౌనంగా నిలబడవ్వా."

"నాయనా, బాబూ," అంది అవ్వ, "చప్పట్లు కొట్టాలన్నా, చేతులు జోడించాలన్నా రెండు చేతులు కావాలి. నావి ఖాళీ లేవు. ఈ బొంగు కాస్త పట్టుకోండి, మీ ఇద్దరి ముచ్చటా తీరుస్తాను."

"నా చేతిలో పూజ కొమ్మ ఉందే!" అన్నాడు పూజారి.

"నా చేతిలో జపమాల ఉందే!" అన్నాడు భిక్షువు.

"మీ చేతులు ఖాళీ లేకపోతే భక్తి, నావి ఖాళీ లేకపోతే పాపమా?"

దేవదారు కొమ్మమీది కాకి పకపకా నవ్వింది. "అవ్వోయ్, కాళ్లతో కొట్టు చప్పట్లు!"

"నువ్వు నోరు ముయ్యవే నల్లమొహమా!"

ఇద్దరూ దారి వదల్లేదు. పైగా ఒకళ్లనొకళ్లు అరుచుకోవడం మొదలుపెట్టారు. పొద్దు వాలుతోంది. అవ్వకు లోపల బెదురు పుట్టింది. దేవుడికి నిజంగానే కోపమొస్తే? నారు మాడిపోతే? రెప్పపాటే కదా అనుకుని బొంగును పక్కనున్న బండమీద పెట్టింది.

చేతులు ఇంకా కలవనైనా లేదు. మబ్బు లేని ఆకాశంలోంచి వాన దిగింది. పూజారి పొడుగు టోపీ తడిసి మెత్తబడి చెవులమీదికి జారింది. భిక్షువు నున్నటి గుండు మీద చినుకులు టపటపా ఎగిరాయి.

"వాన! దేవుడు మెచ్చాడు!" అన్నాడు పూజారి.

"కన్నోన్ కరుణించింది!" అన్నాడు భిక్షువు.

అవ్వ చూస్తే బొంగు ఖాళీ. దాన్ని పట్టుకుని మళ్లీ మడుగులోకి దిగి, తలెత్తి జలపాతం మీద విరుచుకుపడింది.

"చూస్తున్నావు కదే తల్లీ! ఇంత ఎత్తున నిలబడి అంతా చూస్తున్నావు. మా ఊరి వాన ఇక్కడ పోసేశారే! నీ పేరు చెప్పి కాళ్లకడ్డం పడుతుంటే ఒక్క మాటన్నావా? వీళ్లు అరిచే తప్పు కన్నా నువ్వు నోరు మూసుకున్న తప్పు పెద్దది!"

జలపాతం తెల్లబోయింది. ఇన్నేళ్లలో దాన్ని పొగిడినవాళ్లే గాని తిట్టినవాళ్లు లేరు.

"అవ్వా, దించినచోటే వాన. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను," అంది మెల్లగా. "కానీ మళ్లీ పట్టుకో నీళ్లు. ఈసారి నీ చప్పట్లు నేను కొడతాను."

"మరి ఆ గుండాయన మౌనమో?"

"పైన మౌనంగానే ఉంటాను. కింద చప్పట్లు కొడతాను. సరేనా?"

"ఆ తెలివి ముందే ఉండొచ్చుగా!" అంది అవ్వ, బొంగు ముంచుతూ.

జలపాతం కొండ అంచు మీద చడీచప్పుడు లేకుండా చేతులు జోడించినట్టు వంగింది. కింద బండమీద చప్పట్లు చరిచింది. ధన్! ధన్! ధధధధన్! కొండలు అదిరాయి. కాకి కొమ్మ వదిలి లగెత్తింది.

అవ్వ గట్టెక్కింది. పూజారి చెయ్యి ఊపుతూ ఏదో అన్నాడు. భిక్షువు మెడ సాచి ఏదో అన్నాడు. నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఒడ్డున పడ్డ చేపల్లాగా. మాట ఒక్కటీ వినబడలేదు. అవ్వ ఇద్దరి మధ్యగా తలవంచి, బొంగు హత్తుకుని, మెట్లదారిన వెళ్లిపోయింది.

టీ కొట్టు దగ్గర కొట్టువాడు దణ్ణం పెట్టాడు. "ఆగకవ్వా! నీకు పుణ్యముంటుంది, నా కొట్టు ముందు ఆగకు!"

చేతులు తిమ్మిరెక్కినా అవ్వ ఆగలేదు. పొలం చేరి, బొంగు వంచి, ఎండిన నారు మొదట్లో నీళ్లు పోసింది. ఊరంతా వాన దిగింది. పిల్లలు అవ్వ చుట్టూ గంతులేశారు. ఆమె బురదలోనే చతికిలబడి, చాలాసేపు తన ఖాళీ చేతుల్లోకి చూసుకుని నవ్వింది.

అప్పటినుంచే జలపాతాలు పైన మౌనంగా వంగి, కింద హోరుమంటున్నాయి. ఆకాశంలో మబ్బు లేకపోయినా వాటి కాళ్ల దగ్గర సన్నటి వాన పడుతూనే ఉంటుంది. అది అవ్వ బొంగు దించినచోటి వాన. ఆ హోరులో పక్కవాడు చెప్పేది మనకు వినబడదు. చేతులు ఖాళీ లేనివాళ్లందరి తరఫునా, జలపాతం ఈనాటికీ చప్పట్లు కొడుతూనే ఉంది.